ఆ చప్పుడు టకటకా... దడదడా?

ఇంజన్‌లో కొత్త చప్పుడు వినిపిస్తే చాలామందికి ముందు గుర్తొచ్చేది బ్యాంకులో మిగిలిన డబ్బు. ఆ కంగారులో అవసరం లేని భాగాలు మారిపోతాయి, అవసరమైన మరమ్మతు వాయిదా పడుతుంది. షెడ్డు గుమ్మం తొక్కేలోపు మన చెవులతో, కాస్త ఓపికతో ఎంత తేల్చుకోవచ్చో చెప్పే కథనమిది.

నిరుడు డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే బండి తీశాను. స్టార్ట్ చేయగానే బోనెట్ కింద టకటకమని చప్పుడు. ముందు రోజు వరకూ లేదు. ఎక్సలేటర్ తొక్కితే చప్పుడూ జోరందుకుంది. పదకొండేళ్ల పాత కారది, మూడు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజను. అమ్మకి మోకాళ్లు అరిగి బస్సెక్కలేని పరిస్థితి వచ్చాక, లక్షా నలభై వేలకి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం.

దగ్గర్లోని షెడ్డులో చూపించాను. అక్కడి కుర్రాడు రెండుసార్లు రేజ్ చేసి విన్నాడు. "ఇంజను బోరుకొచ్చేసింది సార్, దింపాల్సిందే. ముప్పై అయిదు, నలభై అవుద్ది" అన్నాడు. అవి వేలు. బండి ఖరీదులో పావు వంతు పైమాటే. ఆలోచించి చెప్తానని వెనక్కి తెచ్చేశాను. ఆ నెల నా చేతిలో ఉన్నది నాలుగు వేలు.

డబ్బు లేక ఆగాను. ఆగడమే మేలైంది. ఆయిల్ గేజి తీసి చూసి, మట్టం సరిగ్గా ఉందని, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపమేదీ వెలగడం లేదని తేల్చుకున్నాక, వారం రోజులపాటు దగ్గర దూరాలకే తిప్పుతూ ఆ చప్పుడు వినడమే పనిగా పెట్టుకున్నాను. వినగా వినగా ఒకటి అర్థమైంది. ప్రతి చప్పుడుకీ ఒక వేళ ఉంటుంది, ఒక చోటు ఉంటుంది, ఒక లెక్క ఉంటుంది. ఆ మూడూ చేతికి చిక్కితే, ఎవరు ఎంత చెప్పినా తలూపాల్సిన అవసరం ఉండదు.

ముందు పేరు పెట్టండి

డాక్టరు దగ్గరికెళ్లి "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకుంటే వైద్యం సాగదు. మెకానిక్ దగ్గర మనం చేసేది సరిగ్గా అదే. "ఏదో సౌండొస్తోందండీ" అంటాం. నిజానికి చప్పుళ్లకి పేర్లు పెట్టడంలో తెలుగుకి సాటి వచ్చే భాషలు తక్కువ. కిర్రు వేరు, కీచు వేరు. గలగల వేరు, గరగర వేరు. వ్యాకరణంలో ధ్వన్యనుకరణం అని చెప్పుకునే ఈ మాటల మూట, బోనెట్ ముందు నిలబడ్డప్పుడు పానాల పెట్టె అంత పనికొస్తుంది.

కీచుమని అరిస్తే ముందుగా అనుమానించాల్సింది ఫ్యాన్ బెల్టుని. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు, వాన పడ్డప్పుడు, ఏసీ వేసినప్పుడు ఈ కేక ఎక్కువవుతుంది. గరగరమని రాయి నూరినట్టు వస్తే ఏదో బేరింగ్ అరిగింది. అది వాటర్ పంపుదో, డైనమోదో, బెల్టుని బిగించి ఉంచే పుల్లీదో కావచ్చు. బండి కింద నుంచి రేకు గలగలలాడితే సైలెన్సర్ గొట్టం మీద వేడి తగలకుండా బిగించిన రేకు వదులైనట్టు. పైనుంచి టకటకమని పలచని చప్పుడొస్తే వాల్వులని నొక్కే ట్యాపెట్లు కావచ్చు, పొగ గొట్టాలు ఇంజన్‌కి కలిసే చోట ఉండే ఎగ్జాస్ట్ గాస్కెట్ కావచ్చు. దడదడమని కింద నుంచి, బరువుగా, తలుపు బాదినట్టు వస్తే అది పిస్టన్లు తిప్పే క్రాంకు బేరింగ్‌ల సంగతి. వినడానికి భయపడాల్సిన చప్పుడు అదొక్కటే.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో, నిండా మనుషులతో ఘాట్ రోడ్డు మీద వెళ్లేటప్పుడో, డబ్బాలో గోళీలు పోసి కదిపినట్టు వస్తే అది నాకింగ్. సిలిండర్‌లో పెట్రోలు మంట సవ్యంగా పాకకుండా, మిగిలిన మిశ్రమం తనంతట తాను ఒక్కసారిగా పేలడం వల్ల వచ్చే చప్పుడది. లోపల మసి పేరుకున్నా, పై గేర్‌లో బలవంతంగా లాగించినా వస్తుంది. ఒక గేరు తగ్గించి చూడండి, చాలాసార్లు అక్కడికక్కడే ఆగుతుంది. ఆ వైద్యానికి రూపాయి ఖర్చు లేదు.

ఎప్పుడొస్తోందో చూడండి

చప్పుడు ఎలా ఉందన్నదానికంటే ఎప్పుడొస్తోందన్నది ఎక్కువ సంగతులు చెబుతుంది. మొదటి ప్రశ్న: చల్లని ఇంజన్‌లోనా, వేడెక్కాకా?

ఇంజను వేడెక్కితే లోహం వ్యాకోచిస్తుంది, ఆయిలు పలచబడుతుంది. ఈ రెండింటినీ గుర్తుపెట్టుకుంటే సగం చిక్కుముడి విడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గే చప్పుడంటే ఎక్కడో ఖాళీ ఉంది, లోహం పెరిగి ఆ ఖాళీని పూడుస్తోందని అర్థం. కాస్త అరిగిన పిస్టన్ సిలిండర్ గోడకి తగిలే చప్పుడు ఇలాంటిదే. ఎగ్జాస్ట్ గాస్కెట్ దగ్గర గాలి చిమ్మే చప్పుడూ ఇలాంటిదే. మొదటిదానితో జాగ్రత్తగా చాలాకాలం నడపొచ్చు. రెండోదానికి అయ్యేది చిన్న ఖర్చు.

చల్లగా ఉన్నప్పుడు లేకుండా, వేడెక్కేకొద్దీ పెరిగే చప్పుడు దీనికి పూర్తిగా ఎదురు. పలచబడ్డ ఆయిలు ఎక్కడో తన పని చేయలేకపోతోంది. క్రాంకుకీ దాని బేరింగ్‌కీ మధ్య ఉండే ఖాళీ, చిన్న ఇంజన్లలో మిల్లీమీటరులో నూరోవంతులు రెండు నుంచి అయిదు దాకా ఉంటుంది. అంటే తలవెంట్రుక కంటే సన్నం. ఆ సందులో ఉండే ఆయిలు పొర మీదే క్రాంకు తేలుతూ తిరుగుతుంది. ఆ పొర తెగితే లోహం లోహాన్ని కొడుతుంది.

రెండో ప్రశ్న: బండి నిలిపి రేజ్ చేసినా వస్తోందా, కదిలితేనే వస్తోందా? కదిలితేనే వస్తే, ఇంజన్‌ని అనవసరంగా అనుమానిస్తున్నారేమో చూసుకోండి. వేగంతోపాటు పెరుగుతూ, ఒకవైపు తిరిగినప్పుడు మాత్రం మారే గుంయ్‌మనే మోత చక్రం బేరింగ్‌ది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే టకటకమంటే అది ముందు చక్రాల యాక్సిల్ జాయింట్‌ది. ఈ రెండింటికీ ఇంజను దింపించుకున్నవాళ్లున్నారు.

మూడో ప్రశ్న: క్లచ్ తొక్కితే ఏమవుతోంది? బండి న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ తొక్కండి. తొక్కినప్పుడు మాత్రమే చప్పుడొస్తే క్లచ్ రిలీజ్ బేరింగ్. తొక్కగానే పోయి, వదలగానే వస్తే గేర్‌బాక్స్ లోపలి బేరింగ్. దేనికైనా గేర్‌బాక్స్ దించాల్సిందే కాబట్టి, అరిగిన క్లచ్ ప్లేటు కూడా అప్పుడే మార్పిస్తే ఒకే పనికి రెండుసార్లు కూలి ఇవ్వక్కర్లేదు.

నాలుగోది ఏసీ. వేసినప్పుడు వచ్చి, ఆపితే పోయే చప్పుడు కంప్రెసర్ దగ్గరిదో, దాని బెల్టుదో అయి ఉంటుంది.

రెండు చుట్లకి ఒక దెబ్బ

ఇంజన్ లోపలి లెక్క ఒకటి తెలుసుకుంటే చెవికి పదును వస్తుంది. పెట్రోలు లోపలికి పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ బయటికి నెట్టడం... ఈ నాలుగు పనులూ ముగిసేసరికి క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది. వాల్వులని తెరిచి మూసే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది. బండి నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికి 800 చుట్లు అనుకుంటే, క్రాంకు సెకనుకి పదమూడు చుట్లు, క్యామ్ ఆరేడు చుట్లు తిరుగుతాయి.

కాబట్టి ఒక ట్యాపెట్ వదులైతే సెకనుకి ఆరేడు దెబ్బలే పడతాయి. చెవికి విడివిడిగా అందేటంత నెమ్మది చప్పుడది. క్రాంకు దగ్గరి దెబ్బ దానికి రెట్టింపు వేగంలో, ఒకదానిమీద ఒకటి పడుతున్నట్టు వస్తుంది. అనుభవమున్న మేస్త్రి చెవి ఈ తేడాని లెక్కపెట్టకుండానే పట్టేస్తుంది. మనం పక్కన నిలబడి వేలితో తాళం వేస్తూ వింటే, రెండు మూడు రోజుల్లో మనకీ అందుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఒక సిలిండర్ దగ్గర ఎగ్జాస్ట్ గాస్కెట్ కారినా రెండు చుట్లకి ఒకసారే చిమ్ముతుంది. అందుకే దాన్ని ట్యాపెట్ అని పొరబడతారు. తేడా బరువులో తెలుస్తుంది. ట్యాపెట్ చప్పుడు ఇంజను వేగాన్ని బట్టి నడుస్తుంది. గాస్కెట్ చప్పుడు, ఎత్తు ఎక్కుతూ ఎక్సలేటర్ తొక్కినప్పుడు గట్టిగా వచ్చి, వదలగానే మెత్తబడుతుంది.

గొట్టం ముక్కే స్టెతస్కోపు

1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు ఒక యువతి ఛాతీ మీద చెవి పెట్టడానికి మొహమాటపడి, కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. స్టెతస్కోపు పుట్టుక అక్కడే. మెకానిక్‌ల స్టెతస్కోపులు కొన్ని వందలకి దొరుకుతాయి గానీ, అదీ లేకపోతే మీటరు పొడవు రబ్బరు గొట్టం చాలు. ఒక కొస చెవి దగ్గర, రెండో కొస ఇంజన్ చుట్టూ. గాలి చిమ్మే చోటు, బుస్సుమనే చోటు దీనికి ఇట్టే దొరుకుతాయి.

గట్టి చప్పుళ్లకి పొడవాటి స్క్రూడ్రైవర్ మేలు. మొనని వాల్వు మూత మీద, డైనమో బిగించిన చోట, వాటర్ పంపు పక్కన, కింద ఆయిల్ చాంబర్ మీద ఒకదాని తర్వాత ఒకటి ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకి తాకించండి. ఒక్కో చోట ఒక్కో సంగతి వినిపిస్తుంది. ఎక్కడ గట్టిగా తగిలితే మూలం అక్కడికి దగ్గర. తిరిగే బెల్టులకి, ఫ్యాన్‌కి మాత్రం జానెడు దూరం వదలండి.

బెల్టుకి ఇంకా చవకైన పరీక్ష ఉంది. ఇంజను నడుస్తుండగా, దూరం నుంచి బెల్టు గాళ్ల మీద కాసిని నీళ్లు చిలకరించండి. చప్పుడు కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీల వరుస తప్పిందేమో చూడాలి. ఇంకా పెరిగితే బెల్టు వదులైంది. వదులుకి బిగిస్తే సరిపోతుంది, కొత్త బెల్టు అక్కర్లేకపోవచ్చు.

ఈ పరీక్షలు పాత బళ్లలో ఇంకా తేలిగ్గా సాగేవి. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి మారుతి 800 తాళాలు అందాయి. 2014 జనవరి దాకా తయారైన ఆ 796 సీసీ బండి బోనెట్ ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనిపించేది, చేతికి అందేది. ఇప్పటి ఇంజన్ల మీద ప్లాస్టిక్ మూతలున్నాయి. దానికి బదులుగా గత పది పన్నెండేళ్లలో వచ్చిన కార్లలో స్టీరింగ్ కింద ఓబీడీ అనే సాకెట్టు ఉంటుంది. దానికి తగిలించే చిన్న బ్లూటూత్ పరికరం కొని సెల్‌ఫోన్‌లో చూస్తే బండిలోని కంప్యూటరు పెట్టుకున్న ఫిర్యాదులు తెలుస్తాయి. పీ0301 అని చూపిస్తే ఒకటో సిలిండర్ మిస్సింగ్ కొడుతోందని అర్థం. చాలా ఇంజన్లకి నాకింగ్‌ని వినే సెన్సరు కూడా ఉంటుంది. అయితే వదులైన రేకునీ అరిగిన బేరింగ్‌నీ ఆ కంప్యూటరు పసిగట్టదు. వాటికి మీ చెవే దిక్కు.

ఇక్కడ మాత్రం ఆగాలి

తక్కువ డబ్బుతో నడిపేవాడు కచ్చితంగా పాటించాల్సిన నియమం ఒకటుంది. ఎర్రటి ఆయిల్ దీపం వెలిగినా, కింద నుంచి దడదడ మొదలైనా, బండి పక్కకి తీసి ఆ క్షణమే ఇంజను ఆపేయాలి. "ఇల్లు రెండు కిలోమీటర్లే" అనుకోకూడదు. బేరింగ్ పెంకులతో పోయే పనిని ఆ రెండు కిలోమీటర్లు క్రాంకు దాకా, ఒక్కోసారి బ్లాకు పగిలేదాకా తెస్తాయి. తాడు కట్టి లాగించుకునే కూలి ఎప్పుడూ దానికంటే తక్కువే.

చప్పుడు లేకుండా దెబ్బతీసేది క్రాంకునీ క్యామ్‌నీ కలిపే టైమింగ్ బెల్టు. దాని బదులు గొలుసున్న ఇంజన్లు గొలుసు సాగితే స్టార్టింగ్‌లో గలగలమని హెచ్చరిస్తాయి. రబ్బరు బెల్టు చాలాసార్లు చెప్పకుండానే తెగుతుంది. తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులని కొట్టి వంచేస్తాయి. సెకండ్‌హ్యాండ్ బండి కొని, బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే, మీ మొదటి ఖర్చు దానికే పెట్టండి.

ఇంకొన్ని జాగ్రత్తలకి ఖర్చే లేదు. బోనెట్ మీదికి వంగేటప్పుడు చున్నీ, పమిట, వదులు చేతులు వెనక్కి దోపుకోవాలి. ఇంజను ఆపినా రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చు. వేడి మీద రేడియేటర్ మూత విప్పకూడదు. మూసిన షెడ్డులో ఇంజను నడిపి వినకూడదు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఉత్త జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదు.

వారం రోజుల నోటు పుస్తకం

• చప్పుడు పేరు: టకటక, కీచు, గరగర... మీ నోటికొచ్చిన మాటే రాయండి.
• వేళ: చల్లని ఇంజనా, వేడెక్కిందా? ఎన్ని నిమిషాలకి మారింది?
• బరువు: ఎత్తు ఎక్కుతున్నప్పుడా, ఖాళీగా నిలబడ్డప్పుడా?
• మీట: క్లచ్, ఏసీ, స్టీరింగ్... దేనితో మారింది?
• ఆయిలు, రేడియేటర్ నీళ్లు: వారం మొదట, చివర మట్టం ఎంత?
• సెల్‌ఫోన్‌లో రెండు రికార్డింగులు: చల్లగా ఒకటి, వేడిగా ఒకటి.

రూపాయి ఎక్కడ పెట్టాలి

తేలిగ్గా చూడగలిగేవి ముందు, విప్పాల్సినవి తర్వాత. అదే వరుస. మొదట ఆయిలు మట్టం, తర్వాత వదులైన రేకులు, బిగింపులు, తర్వాత బెల్టు, ఆ తర్వాత ట్యాపెట్లు, గాస్కెట్లు. ఇంజను దింపడం చిట్టచివరి మాట. ఒకసారికి ఒక్కటే మార్పించండి. నాలుగు భాగాలు ఒకేసారి మారిస్తే చప్పుడు పోవచ్చు గానీ, డబ్బు దేనికి పెట్టామో ఎప్పటికీ తెలియదు. తీసేసిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి. అది మీ సొమ్ము.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లాంటి చోట ఒక వెసులుబాటు ఉంది. 1960ల్లో లారీల కోసం మొదలైన ఆ పేటలో ఒక్కో పనికి ఒక్కో కొట్టు ఉంటుంది. డైనమో గరగరలాడితే కొత్త డైనమో కొనక్కర్లేదు. సెల్ఫ్, డైనమో పని చేసే కొట్టులో బేరింగ్ మారుస్తారు. విరిగిన బోల్టు తీయాలంటే లేత్ షెడ్డుంటుంది. హైదరాబాద్‌లో, గాజువాకలో ఉన్న ఆటోనగర్లలోనూ ఈ తీరే కనిపిస్తుంది. జబ్బు ఏమిటో తేల్చుకుని వెళ్తే ఈ పేటలు పేదవాడి పాలిట పెన్నిధి.

పాత బండి కొనబోయేవాళ్లకి ఒక మాట. ఇంజను చల్లగా ఉండగానే చూపించమని అడగండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి వేయండి. అప్పటికే వేడిగా ఉంటే మర్నాడు పొద్దున్న వస్తానని చెప్పండి. చిక్కటి ఆయిలు పోసి చప్పుడు అణచి అమ్మేవాళ్లూ ఉంటారు. ఆ ఆయిలు చిక్కదనం గేజి మీద తెలుస్తుంది.

నోటు పుస్తకం చదివిన మేస్త్రి

ఎనిమిదో రోజు నా పుస్తకం పట్టుకుని ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. బోనెట్ ఎత్తలేదు. "చప్పుడు తర్వాత ఇంటాను గానీ, ఎప్పుడెప్పుడొత్తందో చెప్పండి ముందు" అన్నారు. చదివి వినిపించాను. పొద్దున్నే టకటక. పది నిమిషాలకి తగ్గుతుంది. చల్లని బండితో బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కితే ఎక్కువ, దిగుతుంటే తక్కువ. వేడెక్కాక దాదాపు లేదు. ఆయిలు తగ్గలేదు. నీళ్లు తగ్గలేదు.

"అయితే ఇంజను దింపే పని లేదండీ" అన్నారు ఆయన. అప్పుడు బోనెట్ ఎత్తి, ఎగ్జాస్ట్ గొట్టాలు ఇంజన్‌కి కలిసే చోట లైటు వేసి చూపించారు. మూడో సిలిండర్ దగ్గర కాటుక పెట్టినట్టు నల్లటి మసి చార. బిగించే బోల్టు ఒకటి విరిగింది. ఆ సందులోంచి పొగ చిమ్ముతోంది. పొద్దుటి చలికి ఖాళీ, వేడెక్కిన లోహానికి పూడిక.

విరిగిన బోల్టు తీయడానికి, కొత్త గాస్కెట్‌కి, కూలికి కలిపి 1,150 రూపాయలైంది. లెక్క కంటే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది, డబ్బు తీసుకున్నాక ఆయన అన్న మాట. "అందరూ సౌండు పోవాలంటారు గానీ, ఎవరూ ఇలా ఇని రారండీ. ఈ పుస్తకం బండిలోనే ఉంచండి."

డ్యాష్‌బోర్డు అరలో అది ఇప్పటికీ ఉంది. మర్నాడు పొద్దున్న అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లే ముందు బండి స్టార్ట్ చేసి, ఇంజను మీద చెవి పెట్టి రెండు నిమిషాలు ఆగాను. అమ్మ ముందు సీట్లో ఓపిగ్గా కూర్చుంది. తర్వాత పుస్తకం తీసి, తేదీ వేసి, ఒక్క వరుస రాశాను: చల్లని ఇంజను. చప్పుడు లేదు.